భీవండి పోతున్నామని ఎక్కిన బండి

తేది 3-2-2024, శనివారం. సిద్దిపేటలో మేజిస్ట్రేట్ గారి ముందు మధ్యాహ్నం రెండున్నర గంటలకు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం. గదిలో మేజిస్ట్రేట్ గారు, రాసే ఆమె తప్ప ఎవరూ లేరు. పోలీసు వారిని బయట ఉండమన్నారు. నా భర్తను, నన్ను కన్న అవ్వను కూడా బయట ఉండమన్నారు.

నా పేరు అడెపు ప్రవీణ. భర్త పేరు అరుణ్‌కుమార్. నా వయసు ఇరవై ఐదు. ఏడో తరగతి వరకు చదివాను. మాది సిద్దిపేట జిల్లా చింతలగట్టు టౌన్, తొమ్మిదో వార్డు. మేము పద్మశాలీలం. వృత్తి ఏమిటని అడిగారు. ఇంట్లో బీడీలు చుడతాను. తొమ్మిదో వార్డు కౌన్సిలర్‌ను కూడా. ఏది ముందు రాయాలో మీరే చూసుకోండి.

ఎవరి భయం లేకుండా చెప్పాలని, ఇష్టం లేకపోతే చెప్పకపోయినా తప్పు లేదని మేజిస్ట్రేట్ గారు అన్నారు. ఆలోచించుకోమని నన్ను పక్క గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. నీళ్లు ఇచ్చారు. ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోమని ఇంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు.

నన్ను అడిగిన ప్రశ్న ఇది: జనవరి ఇరవై ఎనిమిదిన నీ ఇష్టంతో ఇంటి నుంచి వెళ్లావా, నిన్ను ఎవరైనా బలవంతంగా తీసుకెళ్లారా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పమని నా భర్త ఇక్కడికి వచ్చేటప్పుడు కారులో నేర్పించాడు. నాకు ఒక్క మాటలో రావడం లేదు. అందుకని మొదటి నుంచి చెప్తాను.

2020 జనవరిలో మా ఊళ్లో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. నా భర్తకు ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. పార్టీ వాళ్ల ఫ్లెక్సీలన్నీ ఆయనే కొట్టేవాడు. ఆయనే నిలబడాలని అనుకున్నాడు. కానీ మా వార్డు బీసీ మహిళకు వచ్చింది. అప్పుడు నా పేరు ఇచ్చాడు. నాకు ఇరవై ఒకటి నిండి నెల కూడా కాలేదు. పార్టీ పెద్ద భూపతి గారు నన్ను చూడడానికి మా ఇంటికి వచ్చారు.

“పిల్ల మాట్లాడుతదా?” అని అడిగారు.

“మాట్లాడెతందుకు నేనున్న గదన్నా” అన్నాడు నా భర్త.

“గట్లయితె మరీ మంచిదాయె. మాట్లాడనోళ్లతోని లొల్లుండదు” అని భూపతి గారు నవ్వారు. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోయాను.

నాకు టికెట్ ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది. నా పుట్టిల్లు కూడా అదే వార్డులో ఉంది. మగ్గాల వాడ. అత్తగారి వీధి ఓట్లు నా భర్తవి, మగ్గాల వాడ ఓట్లు నావి అని లెక్క వేసుకున్నారు. వాడ ఓట్లన్నీ నాకే పడ్డాయి.

గెలిచిన తర్వాత వాడ ఆడవాళ్లు నాకు ఒడిబియ్యం పోశారు. ఆడబిడ్డకు ఒడిబియ్యం పుట్టింటి వాళ్లు పోస్తారు. కన్న అవ్వ, బాపు పోస్తే చాలు. నాకు వాడంతా పోసింది. ఇంటికి ఒక దోసెడు. బరువుకు లేవలేకపోతే కొమురవ్వ పట్టుకొని లేపింది. కొమురవ్వ మా వాడలో అందరికంటే పెద్దది.

“బిడ్డా, మాకేం జెయ్యకున్నా మాయె. పడుగు జాగ మాత్రం పోనియ్యకు” అన్నది.

నేను తల ఊపాను. మాట ఇచ్చినట్టేనని అందరూ అన్నారు.

పడుగు జాగ అంటే ఏమిటని మేజిస్ట్రేట్ గారు అడిగారు. మా వాడ నడుమ పొడుగ్గా ఒక జాగ ఉంది. ఒక పక్క చింతచెట్లు. చీరకు నిలువున వచ్చే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ దారాలను జాగ పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదరక ముందే అయిపోవాలి. ఇంట్లో అంత పొడవు దొరకదు. పడుగు లేని రోజు చూసిన వాళ్లకు అది ఖాళీ జాగలాగానే కనిపిస్తుంది. ఇప్పుడు వాడలో నాలుగు మగ్గాలే ఉన్నాయి. మిగతా వాళ్లు బొంబాయి దగ్గరి భీవండి మిల్లులకు పోయారు, లేకపోతే బీడీల్లోకి వచ్చారు. మా బాపు రాజమల్లయ్య కూడా భీవండిలో పవర్‌లూమ్ నడుపుతాడు. మా అవ్వ చంద్రవ్వ ఇంటి దగ్గర మగ్గం నేస్తుంది.

నాలుగేళ్లు కౌన్సిల్ మీటింగులకు పోయాను. నా భర్తను హాలు లోపలికి రానివ్వరు. తలుపు దగ్గర నిలబడేవాడు. భూపతి గారు చెయ్యి ఎత్తినప్పుడు నువ్వూ ఎత్తు, దించినప్పుడు దించు అని చెప్పాడు. నేను అట్లాగే చేశాను. ఏమి పాసయిందో ఇంటికి వచ్చాక ఆయనే చెప్పేవాడు. ఒక్కోసారి చెప్పడం మరిచిపోయేవాడు.

ఒకే ఒక్కసారి మాట్లాడాను. మగ్గాల వాడ నడుమ లైటు స్తంభాలు పాతాలని తీర్మానం వచ్చింది. నాకు చెయ్యి లేవలేదు. “గాడ పడుగు పడ్తది” అన్నాను. గట్టిగా అనలేదు. చైర్‌పర్సన్ బాలలక్ష్మి గారు విన్నారు. “ఏందమ్మా, మల్లొకసారి జెప్పు” అన్నారు. మళ్లీ అదే చెప్పాను. స్తంభాలు పక్కకు జరిపి పాతారు. ఆ రోజు ఇంటికి వచ్చాక నా భర్త, “నీకు నోరున్నదని నాకు చెప్పనే లేదు” అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు. మళ్లీ మాట్లాడవద్దన్నాడు.

పోయిన డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. తర్వాత మా ఊళ్లో కూడా మనుషులు మారడం మొదలుపెట్టారు. భూపతి గారు అప్పటికి వైస్ చైర్మన్. ఆయన పార్టీ మారి, బాలలక్ష్మి గారి మీద అవిశ్వాసం పెట్టారు. ఆమెను దించితే ఆయనే చైర్మన్ అవుతారు. మీటింగు ఫిబ్రవరి ఐదున పెట్టారు. నా భర్త దుకాణంలో పాత రంగు ఫ్లెక్సీలు తీసేసి మా బాత్రూముకు పైన కప్పాడు. అందులో నా ఫోటో ఉన్నది కూడా ఉంది. వాన వచ్చినా తడవదు, పనికొచ్చింది అన్నాడు.

అవిశ్వాసం సంగతి నాకు ఇంతే తెలుసు. ఎవరి వైపు అని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

జనవరి ఇరవై ఆరున, జెండా పండుగ అయి వచ్చాక, నా భర్త మంచం మీద కూర్చుని, “మామను సూడక రెండేండ్లాయె గద. పా, భీవండి పోదాం” అన్నాడు.

నేను నమ్మలేదు. మళ్లీ అడిగాను.

“నిజంగనే. మామకు ఫోన్ల చెప్పకు. చెప్పకుంట పోయి దర్వాజ ముంగట నిలబడ్తె పరేశాన్ అయితడు సూడు” అన్నాడు.

మా బాపు మోకాళ్ల నొప్పితో రెండేళ్లుగా ఇంటికి రాలేదు. పెళ్లయ్యాక నేను ఒక్కసారి కూడా అక్కడికి పోలేదు. అవ్వకు చెప్పడానికి ఆ సాయంత్రమే పోయాను. అవ్వ మగ్గం దిగి కళ్లు తుడుచుకుంది. “అల్లుడు మంచోడే బిడ్డా. నేనే ఊకె చెడ్డగ అనుకున్న” అన్నది. మరునాడంతా కూర్చుని సకినాలు చేసింది. బాపు కోసం నేసి పెట్టిన తువ్వాల ఇచ్చింది. తెల్ల తువ్వాల. ఒక కొసన ఎర్ర పట్టీ, రెండో కొసన పసుపు పట్టీ. బాపు గదిలో పది మంది ఉంటారు, తువ్వాలలు కలిసిపోతాయి, అందుకని రెండు కొసలకు రెండు రంగులు వేసింది. అట్లా ఎవరూ నేయరు. చూసిన వాళ్లు తప్పు నేసిందనుకుంటారు.

ఇరవై ఎనిమిది, ఆదివారం పొద్దున ఆరు గంటలకు తెల్ల కారు వచ్చింది. బస్సుకు పోతామనుకున్నాను. మీ బాపు దగ్గరికి కారులోనే పోదాం అన్నాడు. నేను నా ఇష్టంతోనే ఎక్కాను. సంతోషంగా ఎక్కాను. అది దాచను. వాడ మూల దగ్గర అవ్వ నిలబడి ఉంది. కారు అద్దం దించడం నాకు రాలేదు. లోపలి నుంచే చెయ్యి ఊపాను.

చిన్నప్పుడు ఒకసారి భీవండి పోయాను. బస్సు కామారెడ్డి మీదుగా పోయింది. ఈ కారు సిద్దిపేట దాటి గజ్వేల్ వైపు పోయింది.

“గిటు భీవండి తొవ్వనేనా?” అని అడిగాను.

“హైదరాబాద్ మీదికెల్లి గూడ పోవచ్చు. నీకేమెరుక, పండుకో” అన్నాడు.

పడుకోలేదు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. శామీర్‌పేట దాటాక ఒక పెద్ద గేటు లోపలికి కారు పోయింది. అన్నం తిని పోదాం అన్నాడు నా భర్త. లోపల మా మున్సిపాలిటీ కౌన్సిలర్లు ఉన్నారు. మూడో వార్డు ఆయన లాగు మీద ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడి తువ్వాల చుట్టుకున్నాడు. గేటు దగ్గర ఒకడు బియ్యం సంచి పట్టుకొని, ఆడవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయించుకున్నాడు. నా ఫోను నా భర్తే తీసి వేశాడు.

ఏడో వార్డు అనసూర్య గారు అక్కడ ఉన్నారు. గీత కార్మికుల ఇంటి ఆమె, యాభై ఏళ్లుంటాయి. నా సంచి చూసి, “వచ్చినవా పిల్లా? నీకేం జెప్పి తెచ్చిన్రు? నాకైతె యాదగిరిగుట్ట అన్నరు. టెంకాయ గూడ పట్టుకొచ్చిన” అన్నారు.

“భీవండి అన్నరు. మా బాపు కాడికి” అన్నాను.

“ఓరి నీ మొగడు! నా మొగని కంటె తెలివిగల్లోడే. టెంకాయ యాడనన్న కొట్టుకోవచ్చు. బాపును యాడికెల్లి తెస్తడు?” అని నవ్వారు. నా ముఖం చూసి నవ్వడం ఆపారు. చెయ్యి పట్టుకొని మెట్ల మీద కూర్చోబెట్టారు. “గిది క్యాంపు బిడ్డా. కోళ్లను గంప కింద మూసినట్టు మూస్తరు. ఓటు పొద్దుకు గంప లేపుతరు. ఒక్క చెయ్యి తక్కువైనా భూపతికి కుర్సి రాదు. గా చెయ్యి నీదే” అని చెప్పారు.

అప్పుడు తెలిసింది.

గదిలోకి పోయాక నా భర్తను అడిగాను. “బాపు కాడికి ఎప్పుడు పోతం?”

“మీటింగు అయినంక. తప్పక పోదాం. ఒట్టు.”

“అవ్వకు ఫోన్ చెయ్యాలె.”

“నేను జేసిన లే.”

“ఏమని జేసినవ్?”

“చేరినమని.”

సంచి తెరిచి తువ్వాల ఉందా లేదా చూసుకున్నాను. ఉంది. మళ్లీ మూసిపెట్టాను.

ఆయన నన్ను కొట్టలేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ కొట్టలేదు. అది కూడా రాయండి. గదికి తాళం వేయలేదు. గేటుకు మాత్రం తాళం ఉంది. తిండి బాగానే పెట్టారు. మగవాళ్లు పేకాట ఆడేవాళ్లు. ఆడవాళ్లం నీళ్ల గుంట చుట్టూ కుర్చీల్లో కూర్చునేవాళ్లం. నీళ్లు నీలంగా ఉండేవి, ఎవరూ దిగలేదు. అంత పెద్ద బంగ్లాలో బట్టలు ఆరేయడానికి దండెం లేదు. చీర ఉతికి నీళ్ల గుంట కడ్డీల మీద వేస్తే వాచ్‌మన్ వచ్చి తీసేయమన్నాడు. తడి చీర గదిలో కుర్చీ మీద వేశాను. అది ఆరనే లేదు.

రెండో రోజు పేకాట దగ్గర నా భర్త సకినాల డబ్బా తీసి పెట్టాడు. “మా అత్త చేసినయి, తినున్రి అన్నా” అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. అనసూర్య గారు పోయి నాలుగు తీసి కాగితంలో చుట్టి నాకు తెచ్చి ఇచ్చారు. “గివి మీ బాపుకు” అన్నారు. అవి ఇప్పుడు నా సంచిలో ఉన్నాయి.

మూడో రోజు, మంగళవారం పొద్దున, నా భర్త గదిలో తన ఫోను నాకు చూపాడు. “సూడు, ఎట్లున్నది?” అన్నాడు. ఆయన తయారు చేసిన కొత్త ఫ్లెక్సీ. రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ బొమ్మ. పైన చైర్మన్ భూపతి గారు అని పెద్ద ఫోటో. కింద దండం పెడుతున్న నా ఫోటో. మా పెళ్లి ఫోటోలో నుంచి నన్ను కత్తిరించాడు. పక్కన ఆయన ఫోటో నా కంటే పెద్దది.

“గిదేడ?” అని అడిగాను.

“గుర్తు పట్టలేదా? మీ వాడనే! ఖాళీగ పడి ఉన్నది గద జాగ. భూపతన్న కుర్సిల కూసున్న మొదటి మీటింగులనే పాస్ చేస్తడు. మూల మీది షట్టర్ మనకు. దుకాణం గాడికి మారుస్త. మీ అవ్వ ఇంటి ముంగటనే ఉంటవు రోజు. ఇంకేంగావాలె?”

ఆయన సంతోషంగానే చెప్పాడు. నాకు సంతోషం అవుతుందని అనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫోను చేతికి తీసుకుని దగ్గరగా చూశాను. బొమ్మ వెనుక చింతచెట్లు ఉన్నాయి. మా ఇంటి గోడ ఉంది, సున్నం ఊడిన చోటు కూడా ఉంది. పొద్దుటి ఎండలో తీసిన ఫోటో. అట్లాంటి ఎండలో అక్కడ పడుగు ఉంటుంది. పడుగు లేదు.

“గీ ఫోటో ఎప్పుడు దీసినవ్?”

“సంక్రాంతి ముంగట. మీ అవ్వ పడుగు చాపిన పొద్దున. నువ్వు గూడ ఉన్నవు గద, చాయ్ తెచ్చినవ్. పడుగు తీసేసిన కంప్యూటర్ల. సాఫ్ వచ్చింది గద?”

ఆ రోజు నాకు గుర్తుంది. నేను చాయ్ తెచ్చాను. అవ్వ కుంచె పట్టుకుని దువ్వుతోంది. నా భర్త ఫోటో తీస్తుంటే, “గా తెల్ల చీర కట్టుకుంటె మంచిగుండు” అని అవ్వ సిగ్గుపడింది. కొంగు సర్దుకుని నిలబడింది. ఆ ఫోటో ఇది. పడుగు తీసేశాడు, కుంచె తీసేశాడు, అవ్వను తీసేశాడు. నేల మీద అవ్వ నీడను తీయడం మరిచిపోయాడు. కాంప్లెక్స్ ముందు ఎవరూ లేరు. అవ్వ నీడ మాత్రం ఉంది.

ఫోను తిరిగి ఇచ్చేశాను. బాగుందా అని మళ్లీ అడిగాడు. నేను కుర్చీ మీది తడి చీర తిరగేసి వేశాను. సిగ్గుపడుతున్నానని అనుకున్నాడు.

మరునాడు బుధవారం అన్నాలు అయ్యాక అందరూ భూపతి గారికి సన్మానం చేయాలన్నారు. కాబోయే చైర్మన్ అని. పూలదండ తెప్పించారు, శాలువా తేవడం మరిచిపోయారు. నా భర్త, “ఆగున్రి అన్నా, మా దగ్గరున్నది” అని గదిలోకి పరుగెత్తాడు. నేను నీళ్ల గుంట పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన తిరిగి వచ్చినప్పుడు చేతిలో మా బాపు తువ్వాల ఉంది.

నేను లేచి నిలబడ్డాను. “గది బాపుది” అన్నాను. గట్టిగానే అన్నాను. చప్పట్లు కొడుతున్నారు, ఎవరికీ వినపడలేదు. అనసూర్య గారికి వినపడింది. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. తువ్వాల విప్పి భూపతి గారి భుజాల మీద కప్పారు. ఎర్ర కొస ఒక పక్క, పసుపు కొస ఒక పక్క. ఆయన దానితో మెడ తుడుచుకున్నారు. నా భర్త ఫోటో తీయించుకుని అప్పుడే పార్టీ గ్రూపులో పెట్టాడు. మా ఆయన వాళ్లది కూడా పద్మశాలి ఇల్లే. కానీ వాళ్ల తాత కాలంలోనే మగ్గం తీసేశారు. తువ్వాల ఆయనకు తువ్వాలనే.

ఆ తర్వాత జరిగింది ఈ రోజు కోర్టు అరుగు మీద మా అవ్వ నాకు చెప్పింది. బాపుకు అవ్వ రోజూ ఫోను చేసి, “ప్రవీణ మంచిగున్నదా” అని అడుగుదామనుకుంది. చేరినమని అల్లుడు ఫోను చేశాడు కదా అని రెండు రోజులు ఆపుకుంది. మూడో రోజు ఆగలేక చేసింది. “ఎవలు రాలేదు. ప్రవీణ ఏది? ఏమైంది?” అని బాపు భయపడ్డాడు. అవ్వ నా భర్తకు ఫోను చేసింది. మామ డ్యూటీల ఉన్నడు, ఇంకా కలవలేదు అని ఈయన అన్నాడు. తర్వాత ఫోను ఎత్తలేదు. బుధవారం రాత్రి కొమురవ్వ కొడుకు తన ఫోనులో ఫోటో చూపి, “చంద్రవ్వా, మీ అల్లుడు సూడు, భూపతికి సన్మానం జేస్తుండు” అన్నాడు. అవ్వ అల్లుడిని చూడలేదు. భూపతి గారి భుజాల మీది రెండు రంగుల కొసలు చూసింది. ఆ తువ్వాల అక్కడ ఉంటే నా బిడ్డ భీవండిలో లేదు అన్నది. గురువారం పొద్దున వాడ ఆడవాళ్లను తీసుకుని పోలీసు స్టేషనుకు పోయి, బిడ్డ కనబడుత లేదని రాయించింది.

ఆ ఫోటో పెట్టకపోతే సోమవారం దాకా నేను భీవండిలో ఉన్నట్టే.

నిన్న సాయంత్రం పోలీసు వాళ్లు క్యాంపుకు వచ్చారు. ఈ రోజు నన్ను ఇక్కడ చూపించాలన్నారు. పొద్దున కారులో నా భర్త దారంతా చెప్పాడు. “జడ్జి సార్ అడిగితె నా ఇష్టంతోనే పోయిన అను. గంతే. ఒక్క మాట. నీకు రాదా?”

నేను కిటికీ వైపు చూశాను.

“మీ అవ్వ నామీద కిడ్నాప్ కేసు వెట్టింది. పెండ్లాన్ని ఎవడన్న కిడ్నాప్ జేస్తడా? నన్ను లోపలేస్తరు. గది గావాల్నా నీకు?”

“అద్దు” అన్నాను. అది నిజమే. ఇప్పుడు కూడా అద్దనే అంటున్నాను.

“మరి ఒక్క మాట చెప్పు. నాలుగేండ్ల సంది నీ మాటలు నేనే మోస్తున్న గద. ఇయ్యాల ఒక్కటి నువ్వు మొయ్యి” అన్నాడు. గజ్వేల్ దగ్గర బండి ఆపి నాకు చాయ్ ఇప్పించాడు.

అందుకని అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. నన్ను ఎవరూ ఎత్తుకుపోలేదు. నా కాళ్లతో నేనే ఎక్కాను. కానీ నేను ఎక్కింది మా బాపు దగ్గరికి పోయే బండి. క్యాంపుకు పోయే బండి నేను ఎక్కలేదు. నా ఇష్టంతో పోయానని రాస్తే అబద్ధం. బలవంతంగా తీసుకుపోయారని రాస్తే అది కూడా పూర్తి నిజం కాదు. ఈ రెండింటికీ నడుమ ఏ మాట ఉందో నాకు తెలియదు. మీరు చదువుకున్న వాళ్లు, మీకు తెలిసి ఉంటుంది. జరిగింది మాత్రం ఇదే.

ఇప్పుడు ఎవరితో వెళ్తావని మేజిస్ట్రేట్ గారు అడిగారు.

దీనికి ముందు ఒక సంగతి చెప్పాలి. పొద్దున అరుగు మీద అవ్వను చూసి పరుగెత్తాను. అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చింది. చెప్పాల్సిందంతా చెప్పాక, “పా బిడ్డా, బండి ఉన్నది” అన్నది. గేటు దగ్గర ఒక తెల్ల కారు ఉంది. అందులో బాలలక్ష్మి గారి భర్త కూర్చుని ఉన్నాడు. అవ్వను ఇక్కడికి తెచ్చింది ఆయనే. దరఖాస్తు రాయించింది కూడా ఆయనేనట.

“యాడికి?” అని అడిగాను.

“సోమారం దాంక వాళ్ల చుట్టాలింట్ల ఉంచుతరట. నీకు ఏం కాకుంట సూస్కుంటరట. పడుగు జాగ ముట్టమని మాటిచ్చిన్రు” అన్నది అవ్వ.

“అవ్వా, గది గూడ క్యాంపే” అన్నాను.

అవ్వకు అర్థం కాలేదు. “నాకోసమే గద బిడ్డా” అన్నది. భీవండి పోదామన్న రోజు నా భర్త ముఖం ఎట్లా ఉందో అవ్వ ముఖం అట్లాగే ఉంది. మా అవ్వ నన్ను మోసం చేయలేదు. అవ్వను కూడా ఎవరో బండి ఎక్కించారు, అంతే. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు కూర్చోవాలనిపించింది. అరుగు మీదనే కూర్చున్నాను.

కాబట్టి నా భర్త వచ్చిన కారులో పోను. మా అవ్వ వచ్చిన కారులో పోను. సిద్దిపేట బస్టాండు నుంచి మా ఊరికి బస్సు ఉంది. అవ్వ నాతో వస్తే బస్సులో రావాలి. రాకపోతే నేను ఒక్కదాన్నే పోతాను. ఎప్పుడూ ఒక్కదాన్ని పోలేదు, కానీ బస్సు మీద ఊరి పేరు రాసి ఉంటుంది, చదవడం వచ్చు. సోమవారం దాకా మగ్గాల వాడలో ఉంటాను. ఒక కానిస్టేబుల్ అమ్మను తోడు పంపితే మంచిది.

సోమవారం పదకొండు గంటల మీటింగుకు నడిచి పోతాను. అవిశ్వాసానికి చెయ్యి ఎత్తుతానా లేదా అని ఇక్కడ చెప్పను. అడగడం లేదని మేజిస్ట్రేట్ గారు అన్నారు. కుర్చీలో ఎవరు కూర్చున్నా వాళ్లకు చెప్పే మాట ఒక్కటే ఉంది. లైటు స్తంభాల రోజు చెప్పిందే. ఈసారి అందరికీ వినపడేట్టు చెప్తాను.

నా భర్త మీద కేసు కావాలా అని అడిగారు. జైలు వద్దు. కానీ ఆయన బయట తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను బయటికి రాగానే ఏం చెప్పావని అడుగుతాడు. ఈ వాంగ్మూలంలో ఏముందో ఆయనకు ఈ రోజు చెప్పవద్దని కోరుతున్నాను. ఇంతకు ముందు మీటింగులో ఏమి జరిగిందో ఆయనే నాకు చెప్పేవాడు. ఈసారి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. కొన్ని రోజులు అట్లా ఉండనివ్వండి.

నేను చెప్పిందంతా రాసే ఆమె నెమ్మదిగా చదివి వినిపించారు. ఒకచోట “భర్తతో కలిసి తండ్రిని చూడటానికి వెళ్లి” అని రాశారు. వెళ్లలేదు, వెళ్తున్నాననుకున్నాను అని చెప్పాను. దిద్దారు. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. ఇది ఎవరూ నేర్పించింది కాదు, నాకు తెలిసినంత వరకు నిజం.

ఇంకా ఏమైనా చెప్పాలా అని చివరిగా అడిగారు. ఉంది. నిన్న పోలీసు వాళ్లు భూపతి గారి దగ్గర నుంచి తువ్వాల తీసుకుని సాక్ష్యం అని కవరులో పెట్టారు. కేసు అయిపోయాక దాన్ని భూపతి గారికి గానీ, నా భర్తకు గానీ ఇవ్వవద్దు. మెడ తుడిచిన మరక ఉంది, అవ్వ ఉతుకుతుంది. అది మా బాపుది. నేనే తీసుకుని భీవండి పోతాను.

(సంతకం) అడెపు ప్రవీణ